నూకాలమ్మ ఇంట దిబ్బరొట్టె

మన్యం కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట ఒక జీడిమామిడి తోట ఉంది. గింజలు ఏరుకునే రోజుల్లో తప్ప మనుషులు అటు తొంగి చూడరు. మిగతా కాలమంతా ఆ తోట జంతువులదే. వాటికీ ఇళ్లున్నాయి, పొయ్యిలున్నాయి, అలకలున్నాయి, విందులున్నాయి. మనకి లేని మర్యాద కూడా ఒకటుంది. అక్కడ భోజనానికి పిలిచేవాళ్లు నోటితో పిలిచి ఊరుకోరు. తమ ఒంటిది ఏదో ఒకటి గుర్తుగా చేతిలో పెట్టి వస్తారు. నెమలైతే ఈక ఇస్తుంది, గొర్రె అయితే రవంత ఉన్ని ఇస్తుంది. పిలుపు అందుకున్నవాళ్లు విందుకి వచ్చినప్పుడు ఆ గుర్తు తిరిగి ఇవ్వాలి. రాలేకపోతే ఎవరి చేతైనా దాన్ని వెనక్కి పంపాలి. గుర్తు వెనక్కి రాలేదంటే చుట్టం వస్తున్నట్టే లెక్క. నోటిమాట ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి వెళ్లేసరికి ఎన్ని వేషాలు వేస్తుందో చూసి చూసి, ఎప్పుడో పెద్దలు పెట్టిన కట్టుబాటు ఇది.

ఆ తోటలో, వాగు గట్టున, నూకాలమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఆమె చేతి వంట అమృతం. కానీ ఆ సంగతి ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆమె ఇంట్లో ఎవరైనా కూర్చుని ఒక్క ముద్ద తింటే కదా తెలియడానికి! ఒళ్లంతా ముళ్లున్నావిడ పక్కన పీట వేసుకునేదెవరు? ఎవరింట విందుకి వెళ్లినా తనే ముందుగా ఒక మూల చూసుకుని, గోడకి ఆనుకుని, ఒద్దిగ్గా ముడుచుకుని కూర్చునేది. పొరపాటున ఎవరికైనా ఒక ముల్లు గుచ్చుకుంటే ఆ మాట మళ్లీ పంటలొచ్చేదాకా పడాలి మరి.

అలాంటిది ఒకనాడు ఆమె కోసిన చేలో రాలిన మినుములు ఏరుకొస్తుంటే ఎద్దు గవరయ్య ఎదురుపడి, వీటితో ఏం చేసుకుంటావమ్మా అని అడిగాడు. దిబ్బరొట్టె కాల్చుకుంటానంది నూకాలమ్మ. ఆ పేరు వినగానే గవరయ్యకి నోరూరింది. మాకూ ఓసారి పెట్టరాదూ అన్నాడు. ఆయన నీడలో నడుస్తున్న తాబేలు తాయారమ్మ మెడ బయటికి పెట్టి, పెడితే చెరకు పానకంతో పెట్టాలి సుమా అంది. అని వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు.

వాళ్లకేం, అనేసి వెళ్లారు. నూకాలమ్మకే నిద్ర పట్టలేదు. మాటవరసకి అన్నారా, మనసులో ఉండే అన్నారా? పిలిస్తే మొహమాటపడతారా? పిలవకపోతే ఏమనుకుంటారు? ఇటు తిరిగి పడుకుంటే పిలవాలనిపించింది, అటు తిరిగి పడుకుంటే వద్దనిపించింది. చివరికి తన ఒంటి నుంచి రాలిన ముళ్లలో నునుపైనవి రెండు ఏరి, కడిగి, తుడిచి, తీసుకెళ్లి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు సిగ్గుతో మొహం ఎత్తలేదు. గవరయ్య తన ముల్లు చెవి వెనక దోపుకున్నాడు. తాయారమ్మ డొప్పలోకి లాక్కుంది.

ఇక చూడండి నూకాలమ్మ హడావుడి. మినప్పప్పు నానబోసి, పొట్టు కడిగి, రోట్లో వెన్నలా రుబ్బింది. బియ్యపు నూక కలిపింది, జీలకర్ర వేసింది, కాస్త పులవనిచ్చింది. మందపాటి మట్టిమూకుడులో నూనె రాసి, అరిటాకు పరిచి, పిండి పోసి మూత పెట్టింది. దిబ్బరొట్టెకి కింద సెగ ఒక్కటే చాలదు. అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉండిపోతుంది. అందుకని మూత మీద కూడా నిప్పులు పోయాలి. ఆ నిప్పులు చప్పున ఆరిపోకుండా పైన బూడిద కప్పాలి. చూసేవాళ్లకి పొయ్యి ఎప్పుడో చల్లారిపోయినట్టుంటుంది. లోపల మాత్రం రొట్టె రెండు సెగల మధ్య నిదానంగా పొంగుతూ, ఎర్రబడుతూ ఉంటుంది.

పానకం ముంతలోకి వడగట్టింది. వాకిలి ఊడ్చింది. ఆకులు వేసింది. తన ఆకు మాత్రం అలవాటు కొద్దీ ఓ మూలకి వేసుకుంది. అన్నీ అయ్యాయి. పొద్దు వాలడం మొదలైంది. చుట్టాల జాడ లేదు.

గుమ్మంలో నిలబడి బాట వైపు చూసింది. లోపలికొచ్చి ఆకులు సర్దింది. మళ్లీ గుమ్మంలోకి వెళ్లింది. అప్పుడు కనిపించాడు నక్క సత్తిబాబు, తోక ఊపుకుంటూ.

ఈ సత్తిబాబు గురించి మీకొకటి చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ ఒక్క విందుకీ పిలవలేదు. అలాగని ఒక్క విందూ అతనికి తప్పిపోలేదు. ఏ పొయ్యి మీద ఏముందో వాగుకి అవతలి గట్టు నుంచే ముక్కుతో చెప్పేస్తాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఒక గింజ వేయించిన పాపాన మాత్రం పోలేదు.

వస్తూనే వాసన అదిరిపోయిందన్నాడు. చుట్టుపక్కల ఎవరు వంట మొదలెట్టినా ముందు తన సలహా అడుగుతారనీ, వంటలో తనకి తెలియని కిటుకు లేదనీ గొప్పలు పోయాడు. మాటల్లో మాటగా ఆకులు ఎవరికని అడిగాడు. నూకాలమ్మ అమాయకంగా చెప్పేసింది, ఇవి గవరయ్యకీ తాయారమ్మకీ అని. ఆ ముక్క చాలు సత్తిబాబుకి.

"అయ్యో అక్కా, నీకింకా తెలీదా? వాళ్లు రావడం లేదుగా. ఇప్పుడే చెరకుతోట దగ్గర కనిపించారు."

నూకాలమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

సత్తిబాబు గొంతు తగ్గించాడు. "చెప్పకూడదనే అనుకున్నాను. గవరయ్య ఏమన్నాడంటే, ఏదో మాటవరసకి అడిగితే ఆవిడ నిజమనుకుని పొయ్యి వెలిగించేసింది, ఆ ముళ్ల పక్కన కూర్చుని ముద్ద ఎలా దిగుతుంది అన్నాడు. తాయారమ్మ నవ్వింది. నాకైతే బాధేసింది అక్కా."

అబద్ధమేమోనన్న ఆలోచన కూడా రాలేదు నూకాలమ్మకి. ఎలా వస్తుంది? రాత్రి అటూ ఇటూ దొర్లుతూ తనకి తాను చెప్పుకున్న మాటే అది. మనం లోలోపల భయపడే మాటే ఎదుటివాడు పైకి అంటే ఇక సాక్ష్యం అడగం. ఊడ్చిన వాకిలి చూసుకుంది, వేసిన ఆకులు చూసుకుంది. ఎందుకొచ్చిన సంబరం ఇదంతా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సత్తిబాబు ఇంకో అడుగు ముందుకేశాడు. వాళ్లకి ఇక్కడ కూర్చోవడానికే ఇబ్బంది గానీ రొట్టె మీద కోపం లేదుగా, మూకుడుతో సహా తను పట్టుకెళ్లి ఇచ్చేస్తానన్నాడు. కష్టపడి కాల్చింది పాడుచేసుకోవడమెందుకన్నాడు. ఎంత ఆదరంగా చెప్పాడంటే, నూకాలమ్మ అతనికి దణ్ణం పెట్టినంత పని చేసింది. సరే పట్టుకెళ్లు బాబూ, ముందు కాలిందో లేదో గుచ్చి చూస్తాను అని గూట్లోకి చెయ్యి పెట్టింది.

రొట్టె కాలిందో లేదో చూడ్డానికి మనం పుల్ల గుచ్చుతాం. నూకాలమ్మకి పుల్లలతో పనేముంది? తన ముల్లే ఒకటి గూట్లో దాచుకుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆమెకి ఏదో తట్టింది. ముల్లు వంక కాసేపు చూసింది.

"అవును గానీ సత్తిబాబూ, రాలేమన్నారు కదా. మరి ముళ్లు ఇచ్చారా?"

"ముళ్లేంటి?" అన్నాడు సత్తిబాబు. ఆమె చూపు చూసి, ఏదో తేడా కొట్టిందని గ్రహించి సర్దుకున్నాడు. "ఆ, ముళ్లా! ఇచ్చారు, ఇచ్చారు. దారిలో పారేశాను. ముళ్లు కూడా ఎవరైనా మోసుకొస్తారా అక్కా?"

తోటలో నిన్నగాక మొన్న కళ్లు తెరిచిన కుందేలు పిల్ల కూడా పిలుపు గుర్తుని పారెయ్యదు. పాపం, సత్తిబాబుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అతని చేతిలో ఎవరైనా ఎప్పుడైనా ఒకటి పెడితే కదా!

నూకాలమ్మ గుండె మీద నుంచి రుబ్బురోలు దించినట్టయింది. ముళ్లు వెనక్కి రాలేదు. అంటే వాళ్లు రాలేమనలేదు. అంటే దారిలో ఉన్నారు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఇంత తెలివితక్కువగా ఎలా నమ్మానా అని తన మీద తనకే కోపమొచ్చింది. మూడూ ఒక్కసారే రావడంతో ముక్కు ఎగబీల్చి ఊరుకుంది.

కానీ గండం గడవలేదింకా. సత్తిబాబు మూకుడు పట్టుకుని పరుగు తీస్తే తను అందుకోలేదు. చుట్టాలొచ్చేసరికి ఖాళీ పొయ్యి చూపించాలి. మొదటిసారి తన ఇంటికొచ్చినవాళ్లని పస్తు పంపించాలి. అందుకని మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, గుచ్చి చూడ్డం ఎందుకులే, వంట తెలిసినవాడివి, నువ్వే మూత తీసి చూడు అంది.

సత్తిబాబు పొయ్యి దగ్గరికి వంగాడు. మూత మీద తెల్లటి బూడిద. పొగ లేదు, మంట లేదు.

"చల్లారి చాలాసేపైనట్టుందే" అన్నాడు.

"నీకు నేను చెప్పాలా?" అంది నూకాలమ్మ. అని, నెమ్మదిగా అతని వెనక్కి చేరి, అటు తిరిగి నిలబడింది.

సత్తిబాబు రెండు ముందుకాళ్లూ బూడిదలోకి నిండుగా పెట్టాడు. ఆ తర్వాత వాడు పెట్టిన కేక కొండ మీద నెమళ్లకి కూడా వినిపించింది. ఎగిరి వెనక్కి దూకాడు. వెనకాల ఎవరున్నారు? ఒళ్లంతా విరబోసుకుని నూకాలమ్మ ఉంది. ముందు నిప్పులు, వెనక ముళ్లు. ఇంకొక కేక పెట్టి, పక్కకి దొర్లి, సత్తిబాబు వాగులోకి ఒకటే పరుగు.

నూకాలమ్మ అతని వంక చూడలేదు. ఆమె ప్రాణమంతా మూకుడు మీదే ఉంది. మూత కదిలిందా? బూడిద లోపల పడిందా? ఈ మాటల్లో పడి అడుగు మాడ్చేశానా? నిప్పులు పక్కకి తీసి, మూత ఎత్తింది. రొట్టె గుండ్రంగా, బోర్లించిన బుట్టలా పొంగి, తేనెరంగులో ఉంది. ముల్లు నడిమధ్య గుచ్చి తీసింది. పిండి అంటలేదు. అప్పుడు కూలబడింది నేల మీద.

అంతలో బాట మీద అడుగుల చప్పుడైంది. గవరయ్య కుంటుకుంటూ వస్తున్నాడు. ఆయన వీపు మీద తాయారమ్మ ఊరేగుతోంది. వస్తూనే తాయారమ్మ అందుకుంది. ఈ పెద్దమనిషి చెవి వెనక పెట్టుకున్న ముల్లు దారిలో ఎక్కడో జారవిడిచాడట. ముల్లు లేకుండా ఆవిడ గుమ్మం ఎలా తొక్కుతామని వచ్చిన దారంతా వెనక్కి వెళ్లి గడ్డి పరకా పరకా వెతికారట. తీరా చూస్తే అది ఆయన కాలి గిట్టల సందులోనే దిగి ఉందట.

నూకాలమ్మ మొహం పాలిపోయింది. "నా ముల్లు గుచ్చుకుందా అన్నయ్యా?"

"గుచ్చుకుంది గనకే పోలేదమ్మా" అన్నాడు గవరయ్య. కాలు ముందుకి చాపాడు. "తీసుకో. తీసుకుని త్వరగా వడ్డించు."

ఆమె ముల్లు తీసి, కాలు కడిగి, పసుపు అద్దింది. తాయారమ్మ డొప్పలోంచి తన ముల్లు భద్రంగా తీసి ఇచ్చింది. రొట్టె కోసి, వేడివేడి ముక్కల మీద పానకం పోసి, నూకాలమ్మ తన మూలకి వెళ్లి ముడుచుకుని కూర్చుంది. గవరయ్య ఆకు ముందు కూలబడి, కాస్త జరుగమ్మా అన్నాడు. అలవాటే కదా అనుకుని ఆమె ఇంకా గోడలోకి ఒదిగింది.

"అటు కాదమ్మా, ఇటు" అన్నాడు గవరయ్య. "పానకం ముంత నీ దగ్గరుంది. నువ్వక్కడ కూర్చుంటే నాకెలా అందుతుంది?"

నూకాలమ్మ ఆకు తీసుకుని వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. ముళ్లన్నీ వాటంతటవే ఒంటికి అణిగి పడుకున్నాయి. తన చేతి రొట్టె తనకే ఆ రోజు కొత్తగా రుచించింది. తాయారమ్మ రెండో ముక్క అడిగింది, మూడోది అడక్కుండానే తీసుకుంది.

వాగులో నక్క సత్తిబాబు రెండు కాళ్లూ నీళ్లలో ముంచుకుని కూర్చున్నాడు. పానకం వాసన గాలికి వచ్చి ముక్కుకి తగులుతోంది. తనని తిట్టుకుంటూ ఉంటారని చెవులు రిక్కించి విన్నాడు. వాళ్లు అతని ఊసే ఎత్తలేదు. కాళ్ల మంటకన్నా అదే ఎక్కువ మండింది.

మన వాళ్ల మనసులో ఏముందో మన వాళ్ల నోటే వినాలి గానీ, వాసన పట్టి వచ్చినవాడి నోట వినకూడదు.