కారు దిగని మేక

చింతలకొండ అడవిలో కార్లు నడిపే ఆడజంతువులు నలుగురే. వాళ్లలో నెమలి కారు పోయింది. తర్వాత జింక కారు, ఆ తర్వాత ఆవు కారు. అన్నీ మిట్ట మలుపు దగ్గరే, పొద్దు వాలే వేళకే.

అడవి పెద్దలు వెంటనే ఆడవాళ్ల భద్రతా సంఘం వేశారు. సంఘంలో అందరూ మగవాళ్లే. ఆడవాళ్ల భద్రత గురించి ఆడవాళ్లకేం తెలుస్తుంది? అధ్యక్షుడు నక్క వీరాస్వామి శాలువా సర్దుకుని చాలాసేపు బాధపడ్డాడు.

"నెమలి అంతలా మెడ ఊపుకుంటూ కారు నడపడం ఎందుకండీ?" అన్నాడు.

"జింకకి ఆ కళ్లేమిటి, రోడ్డున పోయే ప్రతివాడి వైపూ చూస్తూ!" అన్నాడు ఎలుగుబంటి కోటయ్య.

"ఆవు ఇంట్లో ఉండుంటే కారూ ఇంట్లోనే ఉండేది కదా!" అన్నాడు అడవిపంది.

ఆ తెలివికి సభ చప్పట్లు కొట్టింది. దొంగ ఎవరన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగో కారు మేక ఎర్రక్కది. ఆమె వెనక నుంచి లేచి అడిగింది. "కార్లో కూచునుండగా పోయిందా, దిగాక పోయిందా?"

"దిగాకే" అన్నారు ముగ్గురూ.

"ఎందుకు దిగారు?"

"పెద్దాయన ఎదురొచ్చాడక్కా. దిగమా మరి?" అంది జింక.

అక్కడి ఆచారం అది. మగపెద్ద ఎదురైతే ఆడది బండి దిగి, పక్కన తల వంచుకు నిలబడి దండం పెట్టాలి. తాళం చెవి బండికే వదిలెయ్యాలి. చేతిలో ఏదైనా ఉంటే దండం ఎలా కుదురుతుంది?

"పోనీ, ఆయన మొహం చూశారా?"

"అమ్మో, మొహమే! కాళ్లు చూశాం."

సంఘం దీర్ఘంగా ఆలోచించి, పొద్దు వాలాక ఆడవాళ్లు కారు తియ్యకూడదని తీర్మానించింది.

మర్నాడు పొద్దు వాలే వేళకే కుందేలు సీతాలుకి నొప్పులు మొదలయ్యాయి. కడుపులో పిల్లలకి తీర్మానం సంగతి ఎవరూ చెప్పలేదు మరి. మంత్రసాని గుడ్లగూబ చెయ్యి వేసి చూసి, "పిల్ల అడ్డం తిరిగింది. ఆస్పత్రికి చేర్చకపోతే తల్లీ దక్కదు" అంది. ఆస్పత్రి మిట్టకి అవతల ఉంది. ఆ మలుపు దాటే వెళ్లాలి.

ఎర్రక్క సీతాలుని వెనక సీట్లో పడుకోబెట్టింది. చలికి వణికిపోతోందని పసుపూ నలుపూ చారల దుప్పటి కప్పింది. తలుపులన్నిటికీ లోపల్నుంచి లాకు వేసింది.

మలుపులో రోడ్డుకి అడ్డంగా ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. తల మీదుగా శాలువా, చేతిలో కర్ర. ఎర్రక్క నాలుగు బారల దూరంలోనే కారు ఆపింది. ఇంజను ఆపలేదు. మాట వినపడేంత సందు మాత్రం అద్దం దించింది.

"ఏమే పిల్లా, పెద్దాణ్ణి కనపడలేదా? దిగవేం?"

"కనపడ్డారు తాతయ్యా. అందుకే బ్రేకు వేశాను."

"నీ వెనక టైరుకి గాలి పోయింది. దిగి చూసుకో."

"ముందు నుంచుని వెనక టైరు చూశారా? ఈ వయసులో ఎంత చూపు తాతయ్యా!"

"నాకు కళ్లు తిరుగుతున్నాయే. దిగి కాస్త పట్టుకో."

"అయ్యో, అయితే ఆ గట్టు మీద కూర్చోండి. ఆస్పత్రికే వెళ్తున్నాను, అక్కణ్ణుంచి ఎవరినైనా పంపిస్తాను."

"మర్యాద లేదుటే నీకు? ఏ ఇంటి దానివి?"

అప్పుడే సీతాలు నొప్పి ఓర్చుకోలేక గట్టిగా మూలిగింది. శాలువా కింద చెవులు నిక్కాయి.

"ఎవరది?"

"మెల్లగా తాతయ్యా! పులిగారి అమ్మగారు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, చిరాగ్గా ఉన్నారు. నేను మీకోసం దిగాలా, మీరు ఆవిడకి దారి ఇవ్వాలా? ఆచారం మీరే చెప్పండి."

అద్దంలోంచి చారలు కనపడ్డాయి. సీతాలుకి సంగతి అర్థమై, ఈసారి కావాలనే గుర్రుమంది.

పెద్దాయనకి ఆచారమంటే ఎంత గౌరవమో! పక్కనున్న బురదగుంటలోకి దూకి, తల నేలకి ఆనించి దండం పెట్టాడు. శాలువా జారిపోయింది. ఎర్రక్క తలెత్తి, ఆ మొహం బాగా చూసుకుని, కారు పోనిచ్చింది.

సీతాలు బతికింది, పిల్లలూ బతికారు. ఆ కబురు విని మండిపోతూ వీరాస్వామి పొద్దున్నే సభ పెట్టాడు.

"తీర్మానం దాటింది, సరే! పెద్దాయన అడ్డం నిలబడితే ఈ మేక కారు దిగదా? పైగా కుందేల్ని పట్టుకుని పులిగారి అమ్మ అంటుందా!"

"ఆ మాట నేనింకా ఎవరికీ చెప్పలేదే" అంది ఎర్రక్క. "సీతాలు ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. ఆ మలుపులో మా ఇద్దరం కాక ఉన్నది ఒక్కడే, అధ్యక్షా."

కోటయ్యే ముందు లేచి నక్క గుహ వెతకడానికి బయల్దేరాడు. ఆ అడవిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. నక్క గుహ వెనక, ఎండుటాకుల కింద, పోయిన కార్లన్నీ దొరికాయి.

వీరాస్వామి కాలినడకన అడవి వదిలి పోతుంటే నాలుగు కార్లు ఎదురొచ్చాయి. ఒక్కరూ దిగలేదు. పాపం, ఆయనే పక్కకి తప్పుకున్నాడు.

మర్యాద పేరు చెప్పి కారు దిగమనేవాడి చూపు మన దండం మీద ఉండదు, తాళం చెవి మీద ఉంటుంది.