పైకెక్కిన గీత

పలకమ్మ పలకా, నల్లాని పలకా
కొండమ్మ కడుపులో నిదరోయిన పలకా

మూడో ముక్క నాకు గుర్తు రాదు. అక్కడ కూనిరాగం తీసి దాటేసి, చివరి ముక్క అందుకుంటాను.

పిల్లోళ్ల ఒళ్లోన కూచున్న పలకా

మా అమ్మావాళ్లు షెడ్లో రాతిపలకలు రుద్దుతూ పాడేవాళ్లు. మాది పలకల ఊరు. మగవాళ్లు రంపాల మీద రాయి కోస్తే, ఆడవాళ్లం దాన్ని నున్నగా రుద్దేవాళ్లం. ఎక్కడెక్కడి పిల్లలో మా పలకల మీద ఓనమాలు దిద్దుకున్నారు. మాకు మాత్రం రాలేదు. నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అవి నేర్పింది పీరా సాహెబు అయ్యవారు.

ఆయన లెక్కల మేష్టరుగా చేసి దిగిపోయారు. దర్గా పక్క గదిలో ఉండేవారు. పొద్దున దర్గాలో దీపం పెట్టడం, తర్వాత వచ్చినవాళ్లకు చదువు చెప్పడం ఆయన పని. చిన్నప్పుడు పదిహేనేళ్ల దాకా ఆయన కూడా రంపం పట్టిన మనిషే. ఆ రాతిదుమ్ము ఛాతీలో చేరి, మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకునేవారు.

ఆ గదిలో నెలకోసారి ఊపిరి పరీక్ష జరిగేది. మీటరు గొట్టంలోకి గట్టిగా ఊదితే ముల్లు జరిగి, ఊపిరి ఎంతుందో అంకె చూపించేది. నలభై మంది వచ్చేవాళ్లు. ఎవరి మూతి వాళ్లది. అంటే గొట్టానికి తగిలించి నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ ముక్క. దాని మీద రంగుతో నంబరు రాసి ఉండేది. వాటిని వేణ్నీళ్లతో కడగడం, గోడకు కొట్టిన మేకులకు వరసగా తగిలించడం, ఎవరి అంకె ఎంతో రిజిస్టర్లో రాయడం నా పని. నంబరు ఒకటి అయ్యవారిది.

కృపావతి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. పట్నం పిల్ల, పాతికేళ్లుంటాయి. కంప్యూటరు చదువు చదివింది. అయ్యవారి దగ్గర లెక్కలు నేర్చుకుంటూ ఈ పని చేస్తానని వచ్చింది. రిజిస్టరులోని అంకెలన్నీ కంప్యూటర్లో గళ్లు గళ్లుగా ఎక్కించింది. నంబర్లే ఎక్కించింది, పేర్లతో పనిలేదంది.

ఆ వారం ఆమెకొక కష్టం వచ్చిపడింది. షెడ్లలో రంపాల మీద నీళ్ల గొట్టాలు పెట్టించాలని మావాళ్లు అర్జీ పెట్టి రెండేళ్లయింది. రాయి మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. పెద్దాఫీసరు గురువారం వస్తున్నారు, రుజువేదని అడుగుతారు. ఒక్క కాగితం మీద చూపించాలి. కృపావతి మూడు రోజులు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు.

సోమవారం మధ్యాహ్నం నన్ను పిలిచింది. "అవ్వా, ఇటు రా. చూడు ఎట్టా ఉందో."

చూశాను. తెల్లటి కాగితం మీద నీలం గీత. మా చెరువుకట్ట అంత నిమ్మళంగా వంపు తిరిగి, చివరికొచ్చేసరికి పైకెక్కింది. ముచ్చటేసింది నాకు.

"ఏందమ్మా ఇది?"

"అందరి ఊపిరీ కలిపి నెలనెలకీ సగటు తీశాను. ఇది పద్దెనిమిది నెలల గీత. మొదట వంకర టింకరగా వచ్చింది. ఇదిగో, ఇక్కడ టిక్కు పెడితే మలుపులన్నీ నున్నబడతాయి. వానల్లో ఒక నెల పరీక్ష జరగలేదు కదా, అక్కడ గీత తెగింది. కలపమంటే అదే కలిపేసింది."

"అడక్కుండానే?"

"అడిగింది. ఖాళీ వదలమంటావా, సున్నా అనుకోమంటావా, కలపమంటావా అని. కలపమన్నాను."

ఇంత నున్నగా రుద్దితే దుమ్ము ఎక్కడికి పోయిందో అనుకున్నాను. పైకి అనలేదు. నాకేం తెలుసు.

ఆమె ఇంకా చెప్పుకుంటూ పోయింది. గీత లావు పెంచిందట. కింది అంచు సున్నా నుంచి కాకుండా రెండొందల యాభై నుంచి మొదలెట్టిందట, అట్టాగయితే కాగితమంతా గీతే నిండుతుందట. ఆమె కష్టమల్లా ఒక్కటే. గీత పైకి పోతోంది. మావాళ్లు చెప్పేది ఊపిరి తగ్గుతోందని. ఈ కాగితం చూపిస్తే ఆఫీసరు ఏమంటాడు?

అది పట్టుకుని అయ్యవారి దగ్గరికి పోయింది. నేనూ వెనకాలే పోయాను.

"లెక్క నాలుగుసార్లు చూశానండీ. తప్పు లేదు. మీ వాళ్లే పొరబడ్డారేమో. మనుషులు కోలుకుంటున్నారు." కాగితం ఆయన ముందు పెట్టింది. గొంతులో దిగులుంది గానీ, గీత అందం చూసుకున్న గర్వం కూడా ఉంది.

అయ్యవారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"చక్కగా గీశావు. షెడ్ల యజమానులకిస్తే పటం కట్టించుకుంటారు."

కృపావతి మొహం వాడిపోయింది.

ఆయన గీత చివర వేలు పెట్టారు. "పోయిన నెల ఊదనివాళ్లు ఎందరు?"

ఆమె కంప్యూటరు చూసొచ్చింది. "తొమ్మిది మందండీ. రిజిస్టర్లో వాళ్ల గడుల్లో చిన్న అడ్డగీత ఉంది. రాలేదన్నమాట."

అయ్యవారు నావైపు చూశారు. నేను నేల చూశాను.

ఆయన లేచి, గోడ పట్టుకుని నిలబడి, మేకుల మీద నుంచి తొమ్మిది మూతులు ఒక్కొక్కటే తీశారు. మూడు తీశాక ఊపిరి కోసం ఆగారు. మళ్లీ తీశారు. అన్నీ తెల్లగా కడిగి ఉన్నాయి. కడగొద్దని నాకెవరూ చెప్పలేదు మరి.

సంచిలో వేసి, మీటరు కూడా పెట్టి ఆమె చేతికిచ్చారు. "రాలేదంటున్నావు కదా. మనమే పోవాలి. ఈ తొమ్మిది మంది చేత ఊదించుకు రా. అప్పుడు గీత సంగతి మాట్లాడదాం."

నాతో అన్నారు, "సుందరమ్మా, తోడు పో. ఇళ్లు చూపించు. నోరు విప్పకు."

ఎండ దిగలేదింకా. ముందు ఇరవై మూడో నంబరు. దానయ్య ఇల్లు. ఆయన భార్య మార్తమ్మ గడపలో కూచుని బియ్యం ఏరుతోంది.

కృపావతి మూతి గొట్టానికి తగిలించి, మర్యాదగా అడిగింది. "దానయ్యగారున్నారా అండీ? ఒక్కసారి ఊదితే చాలు."

మార్తమ్మ ఆ ప్లాస్టిక్ ముక్క వైపు చూసింది. తర్వాత నావైపు.

"ఆయన పోయి ఆరు నెలలయింది పాపా. అక్కడ కూడా ఊదమంటున్నారా?" చేట కిందపెట్టింది. "ఉన్నప్పుడయితే దీపం కూడా ఆర్పలేకపోయాడు చివరికి. నన్ను ఆర్పమనేవాడు."

కృపావతి మూతి ఊడదీసి సంచిలో వేసింది. వీధి మలుపు తిరిగాక అడిగింది. "అవ్వా, నీకు తెలుసా?"

నోరు విప్పొద్దన్నారు. నేను నడిచాను.

ముప్పై ఒకటో నంబరు చినవెంకమ్మ. నాతోపాటు పలకలు రుద్దింది. వాళ్లింట్లో ఇప్పుడు కూతురొక్కతే. ఇంటికే పలకలు తెచ్చుకుని రుద్దుతోంది. మొహమంతా బూడిద పూసినట్టుంది, కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. వయసు ముప్పై లేదు.

"అమ్మకోసం వచ్చారా? దసరాకు ముందే పోయింది." చేతులు కొంగుకు తుడుచుకుని గొట్టం తీసుకుంది. "ఊరికే ఎందుకు తిరిగిపోవడం. నేను ఊదనా? నాకూ దగ్గొస్తంది ఈమధ్య."

తల్లి మూతి నోట్లో పెట్టుకోబోయింది. కృపావతి చప్పున చెయ్యి పట్టుకుంది. "వద్దు. నీకు వేరేది ఇస్తాను. నీ పేరుతో."

"ఏదయితే ఏముంది," అని ఆ పిల్ల మళ్లీ పలక అందుకుంది.

అట్టా ఎనిమిదిళ్లు తిరిగాం. నాలుగో ఇంటి దగ్గర నుంచి కృపావతి మీటరు బయటికి తీయలేదు. ఊరికే మూతి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడేది. లోపలివాళ్లు దాన్ని చూసి తామే చెప్పేవాళ్లు. ఒక ఇంట్లో ముసలాయన దాన్ని తీసుకుని, మనవడి పేరు చెప్పి, కళ్లకద్దుకుని తిరిగిచ్చాడు.

సంచిలో చెయ్యి పెట్టి చివరిది తీసింది. "తొమ్మిదో నంబరు. ఇదెవరిల్లు అవ్వా?"

అప్పటికి మేం మా వాకిట్లోనే ఉన్నాం.

"మాదే," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. మూతి చూసింది. మా ఆయన పోయి పదకొండు నెలలు. ఆదివారం ఆదివారం ఆయన మూతి కూడా కడిగి మేకుకు తగిలించేదాన్ని. ఆయన గడి దగ్గరికొచ్చినప్పుడు రిజిస్టర్లో ఏం రాయాలో తెలుసు నాకు. అయ్యవారు నేర్పిన అక్షరాల్లో ఆ మాటకు చాలినన్ని ఉన్నాయి. చెయ్యి రాలేదు. చిన్న అడ్డగీత పెట్టాను. ఒకసారి పెట్టాక మిగతావాళ్లకూ అదే పెట్టడం తేలికైంది.

"ఆ గీతలన్నీ నావేనమ్మా," అన్నాను.

కృపావతి మా అరుగు మీద కూచుంది. నేను మంచినీళ్లిచ్చాను. తాగలేదు.

తిరిగెళ్లేసరికి అయ్యవారు దీపం వత్తి సరిచేస్తున్నారు. ఆమె సంచి ఆయన ముందు పెట్టింది. ఆయన లోపలికి చూడలేదు. ఏమైందని అడగలేదు. సంచి నాకిచ్చి, "కడుగు," అన్నారు. అంతే.

కృపావతి కంప్యూటరు ముందు కూచుంది. నీలం గీత తీసేసింది. నెలకు ఒక్క సగటు కాకుండా, ఒక్కొక్క మనిషికి, ఒక్కొక్క నెలకు ఒక చుక్క పెట్టింది. చుక్కకూ చుక్కకూ మధ్య గీత లేకుండా చేసింది. కాగితమంతా వాన చినుకులు పడ్డ మట్టిలాగా తయారైంది.

అయ్యవారికి చూపించింది.

ఆయన కింది అంచు మీద గోరుతో గీశారు. "రెండొందల యాభై. దీని కింద ఎవరూ లేరా?"

ఆమె పోయి అంచును సున్నాకు దించింది. అప్పటిదాకా కనపడని చుక్కలు కింద నుంచి తేలాయి. తొమ్మిది మందివి ఎర్రగా చేసింది. కిందికి, ఇంకా కిందికి దిగి, ఒక్కొక్కరివి ఒక్కో నెల దగ్గర ఆగిపోయాయి. ఆగిన చోట నుంచి కాగితం తెల్లగా ఉంది.

మిగతా ముప్పై ఒక్కరివీ చూసింది. ఒక్కొక్కరినే వేలితో పట్టుకుని చివరిదాకా పోయింది.

"ఒక్కరిది కూడా పెరగలేదండీ," అంది. "సగటే పెరిగింది. ఊపిరి తక్కువున్నవాళ్లు లెక్కలోంచి పోయారు కాబట్టి."

అయ్యవారు తలూపారు. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం మూతులు కడుగుతూ అలవాటుగా పాటెత్తుకున్నాను. మూడో ముక్క దగ్గర కూనిరాగం రాలేదు. ఆగిపోయాను.

గురువారం ఆఫీసరు వచ్చారు. షెడ్ల తరఫున ఒక మేనేజరు కూడా వచ్చాడు, తెల్లచొక్కా. ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పారు. "ఏందమ్మా, చుక్కలు చల్లినట్టుంది. కాస్త గీత కలిపి తెస్తే అర్థమయ్యేది కదా."

"కలుపుతాను సార్," అంది కృపావతి. "ఈ ఎర్రచుక్కను దేంతో కలపమంటారు?"

ఆఫీసరు ఎర్రచుక్క తర్వాత ఏముందో చూడ్డానికి కాగితం దగ్గరికి తెచ్చుకున్నారు. ఏమీ లేదు. తెల్లచొక్కా మనిషి ఏదో అనబోయి దగ్గాడు. మావాళ్లతో వచ్చి పక్కన నిలబడ్డ మార్తమ్మ మంచినీళ్ల గ్లాసు అందించింది. "తాగు బాబూ. షెడ్లోకి నువ్వు కూడా పోతావుగా," అంది.

నీళ్లు లేకుండా రంపం తిప్పకూడదని ఆఫీసరు రాసిచ్చారు. రెండు షెడ్లకు గొట్టాలొచ్చాయి. మిగతా ఏడింటికి వస్తాయంటున్నారు. చినవెంకమ్మ కూతురికి నలభై ఒకటో నంబరు వచ్చింది. ఇంట్లో రుద్దేవాళ్ల గురించి ఆ కాగితంలో ఏమీ రాయలేదు.

ఎండాకాలం మొదట్లో అయ్యవారు పడకేశారు. ఆ నెల పరీక్ష నాడు నేనూ కృపావతీ మీటరు మంచం దగ్గరికే తీసుకుపోయాం. ఒకటో నంబరు మూతి తగిలించాను. ఆయన మూడుసార్లు ఊదారు. ముల్లు తొంభై దాటలేదు. కృపావతి అంకె చూసి మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన ఆమెతో, "చుక్క పెట్టు పో. అంచు కిందనే ఉందిగా, కనపడుతుంది," అన్నారు.

ఆమె వెళ్లింది. నేను రిజిస్టరు తెరిచి ఆయన గడిలో తొంభై అని రాశాను. ఆయన చూస్తూనే ఉన్నారు. వేలితో పక్క గడి తాకారు, వచ్చే నెలది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇందులో గీత పెట్టకు, సుందరమ్మా. పోయాడని రాయి. నీకు రాయడం వచ్చు."