గుర్తు పెట్టిన గాలి

అవునండి, అప్పటికింకా జావ గిన్నె చేతిలోనే ఉంది. మధ్యాహ్నం మొక్కల నర్సరీ పొయ్యి మీదే కాచి, వెనక తాముండే పాకలోకి పట్టుకెళ్ళి కూతురికి పట్టేది నూకరత్నం. ఆవేళ పాక వైపు కాళ్ళు రాలేదు. పిల్ల మంగతల్లికి పదకొండో ఏడు. ఇంక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని పెద్దాసుపత్రి వాళ్ళు చెప్పి పదహారు రోజులైంది.

ఏసుపాదం మేస్త్రి దగ్గర తొమ్మిదేళ్ళుగా అంటు కట్టడం నేర్చుకుంటోంది ఆవిడ. ఏదడిగినా నోటితో చెప్పడాయన. కొమ్మో కత్తో చేతిలో పెట్టి ఊరుకుంటాడు. ఆవేళ గిన్నెతో నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"మేస్త్రిగారూ, నేను పెట్టేదేదీ దాని ఒంటికి పట్టటం లేదు. ఇదంతా ఎటు పోతోందండీ? ఇంక నేను కాయను. పారబోసేస్తాను."

"పారబొయ్యడానికి ఇంత దూరం మోసుకొచ్చావా? పొయ్యి పక్కనే బోలెడు బూడిదుంది కదే" అన్నాడు మేస్త్రి. అని, లేచి, మొక్కలకి నీడ కోసం కట్టిన వలపందిరి కిందకి నడిచాడు. వెనకాలే వెళ్ళింది.

అక్కడ మైథిలి అని, యూనివర్సిటీ నుంచొచ్చే పిల్ల, ఒక గాజుపెట్టె కడుగుతోంది. పెట్టె మధ్యలో తడిక లాగా సన్నటి గుడ్డ. ఆ గుడ్డ కుట్టింది నూకరత్నమే. ఇటు మామిడి మొక్కా, అటు ఉత్త మట్టీ పెట్టారు. పోయిన నెల మొక్కకి సంచి తొడిగి, లోపలికి గుర్తు పెట్టిన గాలి వదిలారు. ఆకు తినేది గాలినేనట, ఆ గుర్తు మిషనుకే కనబడుతుందట. మొక్క తిన్నది ఎటు పోతుందో ఆ గుర్తు పట్టిస్తుందట. నాలుగోనాడు మొక్కని పీకేసి, వేళ్ళూ మట్టీ విడివిడిగా మిషనుకి పంపారు.

"ఈవిడికి చెప్పమ్మా, ఎటు పోయిందో" అన్నాడు మేస్త్రి.

"ఆకు తీసుకుందండి. వేరుకి దించింది. వేరుని అంటుకుని తెల్లటి బూజు దారాలుంటాయి చూడండి, వాటికిచ్చింది వేరు. వేళ్ళు గుడ్డ దాటలేదు, దారాలు దాటాయి. అవతల మట్టిలో కంటికి ఆనని జీవులుంటాయి. వాటి ఒంట్లో కూడా దొరికిందండి గుర్తు."

"వాటికీ ఆకుకీ ఏం చుట్టరికం? ఆకు మొహం ఎప్పుడైనా చూశాయా అవి?" అన్నాడు మేస్త్రి.

మైథిలి మళ్ళీ పెట్టె కడగడంలో పడింది.

"మరి మొక్కని పీకడం ఎందుకమ్మా?" అంది నూకరత్నం.

"పీకితేగానీ తెలీదండి" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

మిషనుకి పంపగా మిగిలిన మొక్క బల్ల చివర ఎండి పడుంది. దానికి రోజూ నీళ్ళు పోసింది నూకరత్నమే. ఒక ఆకు ముట్టుకుంది. చేతిలోనే పొడైపోయింది.

ఆ పొడిని పిడికిట్లో పెట్టుకునే మేస్త్రి వైపు తిరిగింది.

"అయితే మేస్త్రిగారూ, నేను పెట్టింది కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతుందాండీ?"

మేస్త్రి గిన్నె మీద మూత సర్దాడు.

"వాళ్ళ గాలికి గుర్తుందమ్మా. నీ జావకి లేదు" అన్నాడు. "వెళ్ళు, చల్లారిపోతోంది."

వెళ్ళింది. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని పట్టింది. మంగతల్లి రెండు చెంచాలు మింగింది. మూడోది పెదవి పక్కనుంచి కారిపోతే కొంగుతో తుడిచింది.

తెల్లారేసరికి మంగతల్లి లేదు.