సింగారయ్య సైటు తెరుచుకునేలోపు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. తీరా కథ మంచి పట్టులో ఉన్నప్పుడు "ఎద్దుకు వెబ్‌సైటేమిటండీ?" అని అడ్డుపడితే మాత్రం ఊరుకునేది లేదు. ఉంది. ఎద్దుకు వెబ్‌సైటు ఉంది. మెరుపు దాన్ని చూసి సిగ్గుపడి మబ్బులో మొహం దాచుకునేంత వేగంగా తెరుచుకునే వెబ్‌సైటు!

చింతలోవ అడవిలో వాగు ఒడ్డున కుందేళ్ళూ, కౌజులూ, ముంగిసలూ కాపురాలుంటాయి. వానలు పడేముందు పిల్లాజెల్లాతో మెట్ట మీదికి ఇల్లు మారడం వాళ్ళకు ఆనవాయితీ. ఆ సామాన్లు మోసేది ఎద్దు నందయ్య. సామాన్యుడనుకునేరు! ఒకసారి చీమల పుట్టను ఉన్నదున్నట్టు పెళ్ళగించి, లోపల నిద్రపోతున్న ఒక్క చీమకూ మెలకువ రాకుండా కొండెక్కించిన ఘనుడు. కూలి ఇంత గడ్డి. వానలకు ముందు నాలుగు వారాల్లో పోగైన గడ్డివామే వానాకాలమంతా అతని కడుపుకు ఆధారం.

అడవిలో టవరు వెలిశాక పిలుపులన్నీ ఫోన్లోకి మారాయి. టవరు కొమ్మున డేగ సూరమ్మ కూర్చుంటుంది. ఎవరికేం కావాలన్నా ఫోన్లో ఆమెనే అడగాలి. ఆమె వరసగా పేర్లు చూపిస్తుంది. జనం మొదటి పేరు నొక్కుతారు. రెండో పేరు దాకా కళ్ళు దించే ఓపిక అడవిలో ఎవరికుంది?

ఇన్నాళ్ళూ ఆ మొదటి పేరు నందయ్యది. ఈ ఏడు నక్క సింగారయ్య దిగాడు. నాలుగు గాడిదల్ని కుదుర్చుకుని, సైటు ఒకటి కట్టించాడు. అబ్బో, సైటా అది! తెరనిండా ఆడే నెమళ్ళు, రాలే పూలు, వెనక సన్నాయి, మధ్యలో సింగారయ్య మీసం దువ్వుతున్న వీడియో. సందు దొరికిన చోటల్లా "ఇల్లు మార్పిడి, చవకైన ఇల్లు మార్పిడి, నమ్మకమైన ఇల్లు మార్పిడి" అని రాయించాడు. ఇన్నిసార్లు రాశాడంటే ఇతనే గట్టివాడు కాబోలని సూరమ్మ అతన్ని పైన పెట్టింది. నందయ్య రెండోవాడయ్యాడు.

అంతే, నందయ్య ఫోను మూగబోయింది. పొద్దుటినుంచి ఖాళీ నేల వైపు చూసి నిట్టూరుస్తున్నాడు. వామి లేచే చోటది. ఆ దారినే సింగారయ్య వచ్చాడు, తోక మీద అత్తరు చల్లుకుని.

"ఏం బావా, మెడలో గంట మోగడం మానేసిందే?"

"మోగించేవాళ్ళు నీ దగ్గరకొస్తున్నారు కదయ్యా."

"రారా మరి! నీ సైటు కూడా చూశాన్లే. ఉత్త తెల్ల గోడ. ఎక్కడినుంచి, ఎక్కడికి అని రెండు ప్రశ్నలు. కింద తిరగలి రాయంత బటను. అది సైటా, పశువుల కొట్టమా?"

"నా గిట్టకు చిన్న బటను చిక్కదు సింగారం. నాకు చిక్కితే ఎవరికైనా చిక్కుతుందని అంత పెట్టించాను."

"కనీసం ఒక నెమలినన్నా పెట్టకపోయావా?"

"నెమలి మూటలు మోస్తుందా?"

"అందుకే నువ్వు రెండోవాడివి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు నక్క. ఎద్దుకు ఆ మాట ఈగలా చెవిలోనే తిరిగింది.

ఆ మధ్యాహ్నమే వాన విరుచుకుపడింది. ఒక్కొక్క చినుకు గుమ్మడికాయంత! వాగు పొంగి కుందేలు చిట్టెమ్మ గుమ్మంలోకి వచ్చింది. లోపల కళ్ళు తెరవని పసికూనలు. చిట్టెమ్మ గాభరాగా సూరమ్మనడిగి, మొదటి పేరు నొక్కింది. తెర మీద చక్రం తిరగసాగింది. అదెంతసేపు తిరిగిందంటే, ఆ కూనలు కళ్ళు తెరిచి, గడ్డి మేయడం నేర్చి, పెళ్ళి సంబంధాలు చూసే వయసుకొచ్చాయని కొందరంటారు. అది మరీ అతిశయోక్తి. కళ్ళు తెరిచిన మాట మాత్రం నిజం.

ఎట్టకేలకు నెమలి వచ్చింది. "పిలువు" అన్న బటనూ వచ్చింది. చిట్టెమ్మ నొక్కబోయేంతలో పైనుంచి పూలు రాలి, బటను కిందికి జారి, ఆమె కాలు "పింఛం కొనండి" మీద పడింది. దాన్ని వదిలించుకుంటే ఇంకో పెట్టె ఊడిపడింది: "మీరు మనిషి కాదని నిరూపించుకోండి. కోడి ఉన్న గళ్ళన్నీ నొక్కండి."

"గడ్డి తినేదాన్ని, కోడేదో కౌజేదో నాకేం తెలుసే తల్లీ! సూరమ్మత్తా, ఇంకెవరైనా ఉంటే చెప్పు!" అని ఏడుస్తూ వెనక్కొచ్చి రెండో పేరు నొక్కింది.

తెల్ల గోడ కనబడింది. బటను నొక్కి కాలు తీసేలోపే గంట చప్పుడు! నందయ్య వరదకు అడ్డంగా నడిచొచ్చాడు. నీళ్ళే భయపడి రెండు పాయలైపోయాయి.

"ఎక్కమ్మా, ముందు పిల్లల్ని అందించు."

"మావయ్యా, నిన్నే ముందు పిలవాల్సింది."

"ఆ మాట మెట్ట మీద చెబుదువుగానీ, ముందు నా కొమ్ము పట్టుకో."

తర్వాత కౌజుకూ అదే గతి, ముంగిసకూ అదే గతి. నక్క గుమ్మంలోకి వెళ్ళినవాళ్ళంతా తిట్టుకుంటూ తిరిగొచ్చి మళ్ళీ అడుగుతున్నారు. ఎద్దు దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రావడం లేదు. డేగ కళ్ళకు అది దాగుతుందా? సూరమ్మ పేర్లు తిరగేసి నందయ్యను పైన పెట్టింది.

సింగారయ్య టవరు కిందికి ఉరికొచ్చాడు. వెనకే మెట్ట మీదున్న జనమంతా వచ్చారు.

"అన్యాయం సూరమ్మత్తా! నా సైటు ఆలస్యమా? ఇదిగో, చూడు!" అని ఫోను తీసి నొక్కాడు. నిజంగానే రెప్పపాటులో నెమలి ఎగిరి ఆడింది.

"ఎప్పుడూ ఇక్కడే చూసుకుంటావురా?"

"నా గుహ ఇక్కడే కదత్తా."

"టవరు కాళ్ళ కింద, కొత్త ఫోనులో! నీ గిరాకీ ఎక్కడుందిరా? కింద లోవలో, వాగు ఒడ్డున, పగిలిన ఫోన్లతో. చిట్టెమ్మ ఫోను పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడి తెరువు. అక్కడ తెరుచుకుంటే మళ్ళీ నువ్వే పైన."

"వేగమే లెక్కంటావా? లేడి కూడా సైటు పెట్టింది కదా, అది నా దానికంటే వేగం. దాన్నెందుకు అడుగున పెట్టావు మరి?"

"లేడికి మూటలు మోసే వీపేదిరా? ముందు పని ఉండాలి. పని చేసేవాళ్ళు ఇద్దరున్నప్పుడు, వచ్చినవాళ్ళను నిలబెట్టనివాణ్ణి పైకి తెస్తాను."

సింగారయ్య మీసం తిప్పి లోవలోకి దిగాడు. అందరూ గట్టు మీద నిలబడ్డారు. నొక్కాడు. చక్రం తిరిగింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి.

"వస్తోంది, వచ్చేస్తోంది!"

నెమలి తల వచ్చింది. నీళ్ళు నడుముకొచ్చాయి. ఈక తర్వాత ఈక వచ్చింది. నీళ్ళు మెడకొచ్చాయి. అప్పుడు కోళ్ళ గళ్ళు వచ్చాయి. కోడిని గుర్తుపట్టడం నక్కకు కష్టమా? కానీ అన్ని కోళ్ళను ఒక్కసారి చూసేసరికి నోరూరి, చొంగ తెరనిండా కారి, ఫోను నొక్కితే పలకడం మానేసింది.

నందయ్యకు మనసాగలేదు. "సింగారం, నన్ను పిలవరాదూ!"

"నిన్నా? చచ్చినా పిలవను!" అన్నాడు నక్క. ఒక గుక్క నీళ్ళు మింగాడు. "పిలవకుండా రాలేవా బావా?"

"రాకేం, వస్తాను. కానీ జనం చూస్తున్నారు, ఒక్కసారి నొక్కు."

సింగారయ్య తెరను మీసంతో తుడిచి, నందయ్య పేరు తెరిచి, కళ్ళు మూసుకుని, ముక్కుతో ఆ తిరగలి రాయంత బటనే నొక్కాడు. గురి తప్పే పనే లేదు. మరుక్షణం ఎద్దు కొమ్ముల మధ్య వేలాడుతూ గట్టెక్కాడు, అత్తరంతా వరదపాలు.

"నీ కూలెంత బావా?" అన్నాడు వణుకుతూ.

"నీ గుహ ముందున్న పచ్చిక. నాలుగు రోజులు మేస్తాను."

ఆ ఏడు నందయ్య వామి ఎంత ఎత్తు లేచిందంటే, డేగ సూరమ్మ టవరు ఖాళీ చేసి దాని మీదికి కాపురం మార్చింది.

గుమ్మంలో జనాన్ని నిలబెట్టేవాడు తన పేరు ఎంత పెద్దగా రాసుకున్నా అది కిందికే జారుతుంది.

ఇంకా అనుమానమా? ఆ రోజు వరదలో సింగారయ్య పక్కనే తేలుతూ మొదటినుంచి చివరిదాకా చూసిన తాబేలు ఇప్పటికీ చింతలోవ వాగులోనే ఉంది. వెళ్ళి అడగండి: పేరు పప్పల పోలినాయుడు.