పానకాలు విప్పిన తెల్లతాడు

అనగనగా వేగవరం అనే రాజ్యం. ఎంత పెద్ద రాజ్యమంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే, ఆ చివరివాళ్ళు మూడోనాడు "చిరంజీవ" అనేవాళ్ళు. ఆ రాజ్యాన్ని భేరుండ మహారాజు ఏలేవాడు. ఆయన మీసం ఒక కొస తూర్పున ఉంటే, రెండో కొస పడమట సూర్యుడికి అడ్డొచ్చేది.

ఆ రాజ్యంలో పందేల పానకాలు అని ఒకడుండేవాడు. జనం పందెం కాస్తే పట్టడం అతని పని. "నువ్వు చెప్పింది గెలిస్తే నేనిస్తాను, ఓడితే నువ్వియ్యి" అనేవాడు. పొట్టేళ్ళ పోరు మీద పట్టేవాడు, పడవల పోటీ మీద పట్టేవాడు, ఆఖరికి రాజుగారి అత్తగారు పూటకి ఎన్ని అప్పడాలు తింటారన్న దానిమీద కూడా పట్టేవాడు. (నూటఎనిమిది. అదీ పథ్యం రోజుల్లో.)

పానకాలుకి తాటాకు లేదు, గంటం లేదు. నడుముకి రంగురంగుల తాళ్ళుండేవి. పొట్టేళ్ళకి ఎర్రతాడు, పడవలకి నీలితాడు. ఎవరు పందెం కాసినా తాడుకి ఒక ముడి వేసేవాడు. పందెం చెల్లించి, ఏడాది చివర లెక్క చూసుకున్నాకే ఆ ముడి విప్పేవాడు. ముడి వేశాడంటే మాట ఇచ్చాడన్నమాటే.

ఒకనాడు సముద్రం అవతలినించి వచ్చిన ఓడ వర్తకుడు రాజుగారికి ఒక బల్ల కానుక ఇచ్చాడు. బల్లమీద పచ్చిక పరిచినట్టు పచ్చటి గుడ్డ. అంచుల్లో ఆరు గుంటలు. కర్రతో తెల్లబంతిని పొడిస్తే, అది వెళ్ళి రంగుబంతిని గుంటలో పడెయ్యాలి. ఆ బల్లని మోసుకొచ్చిన నాలుగు ఏనుగులూ నడుం పట్టుకుని కూలబడి, ఆర్నెల్లు శొంఠి కషాయం తాగాయి.

రాజుగారికి ఆ ఆట పిచ్చి పట్టింది. నెలనెలా పోటీ పెట్టించాడు. గెలిచినవాడికి బహుమానం ఏమిటో తెలుసా? ఒక గుమ్మడికాయ! మీసం పెద్దదే గాని, రాజుగారి చెయ్యి చిన్నది.

పానకాలు మురిసిపోతూ కొత్తగా ఒక తెల్లతాడు కొనుక్కొచ్చాడు. అది చూసి అతని భార్య నాంచారమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఏమయ్యోయ్, ఆ తాడెందుకు?"

"బల్లాటకే! జనం ఎగబడతారు చూడు."

"వద్దయ్యా. పొట్టేలుకి ఎవరు ఎంత కాశారో తెలీదు. పడవలో నలభైమంది ఉంటారు, నలభైమందినీ కొంటే ఒకడైనా పెళ్ళాంతో వాగేస్తాడు. బల్ల దగ్గర ఉండేది ఒక్క మనిషి, ఒక్క చెయ్యి, ఒక ఖాళీ కడుపు. వాడు నువ్వుగింజంత పక్కకి పొడిస్తే ఎవడు పట్టుకుంటాడు?"

"నా కళ్ళు డేగ కళ్ళే!"

"డేగ కళ్ళే. నిన్న నెత్తిమీదున్న తలపాగా కోసం మూడు గదులు వెతికావు."

పానకాలు వినలేదు.

మొదటి నెల పోటీలో గురవడు గెలుస్తాడని లోకమంతా అనుకుంది. నెయ్యి వర్తకుడు కనకలింగం ఒక్కడే వచ్చి "గురవడు ఓడతాడు" అని, పానకాలు ఎడ్లజతకి సమంగా నెయ్యి కుండలు కాశాడు. ఆఖరి బంతిని గురవడు పొడిచాడు. బంతి గుంట అంచుదాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, ఆగిపోయింది. పానకాలు ఎడ్లు పోయాయి. మర్నాడు గురవడి దొడ్లో ఒక కొత్త బర్రె అరిచింది.

రెండో నెల తిరుపాలు ఆడాడు. మళ్ళీ అంతే! బంతి వచ్చింది, చూసింది, ఆగింది. పానకాలు మామిడితోట కనకలింగం పాలైంది. మర్నాడు తిరుపాలు దొడ్లో రెండు బర్రెలు అరిచాయి.

మూడో నెల ఓబులేశు వంతు. ఓబులేశు చెయ్యి ఎంత నిలకడంటే, పిచ్చుకలు అతని మణికట్టు మీద గూడు కట్టి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపేవి. ఈసారి కనకలింగం పానకాలు పెంకుటింటికే పందెం కాశాడు. ముడి పడ్డాక, మూడు బర్రెల్ని తోలుకుంటూ ఓబులేశు ఇంటికి వెళ్ళాడు.

ఓబులేశు వాటిని అటునించి అటే వెనక్కి తోలేశాడు. "నాకు గుమ్మడికాయ పులుసు చాలు, మామా" అన్నాడు.

కాని ఏం చేస్తాం? పోటీనాడు ఆఖరి బంతి పొడిచేవేళ ఓబులేశు కనురెప్ప మీదినించి ఒక చెమటబొట్టు కంట్లోకి జారింది. చెయ్యి తప్పింది. బంతి అంచున ఆగిపోయింది.

పానకాలు ఓబులేశు ఇంటికి పరుగెత్తాడు. గుమ్మం ముందు బురదలో బర్రె గిట్టల గుర్తులు! ఇంకేముంది, ఓబులేశు మెడమీది కండువా పట్టుకుని సభకి ఈడ్చుకొచ్చాడు.

"మహారాజా! వీడు బర్రెలు తిని బంతి తప్పించాడు!"

"బర్రెలు తిన్నాడా?"

"అంటే, తీసుకున్నాడు ప్రభూ!"

రాజుగారి మీసం నిక్కబొడుచుకుంది. "నా బల్ల మీద మోసమా! కావాలని ఓడితే కుడిచేతి బొటనవేలు తీసెయ్యండి!"

కత్తి వచ్చింది. పీట వచ్చింది. ఓబులేశు బొటనవేలు పీటమీద ఒంటరిగా పడుకుంది. "చెయ్యి జారింది మహారాజా, అంతకుమించి నాకేం తెలీదు" అన్నాడతను. ఆ వేలు లేకపోతే కర్ర పట్టలేడు, నాగలి పట్టలేడు, అన్నం ముద్ద కలుపుకోలేడు. అది చూసేసరికి పానకాలు పట్టుకున్న కండువా వదిలేశాడు. ఇంత దూరం వస్తుందని అతను అనుకోలేదు మరి.

"ఆగండి ఆగండి!" అంటూ నాంచారమ్మ సభలోకి దూసుకొచ్చింది. బియ్యం చేట ఇంకా చేతిలోనే ఉంది, చేటలో ఒక ముంతా గుప్పెడు గింజలూ ఉన్నాయి. "ఏమయ్యా పానకాలూ, వచ్చిన గిట్టలు చూశావు, తిరిగిపోయిన గిట్టలు చూశావా?"

పానకాలు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

రాజుగారు అడ్డుపడ్డాడు. "గిట్టల సంగతి సరే, అమ్మా. ఇతను కావాలని తప్పించాడో, నిజంగానే తప్పాడో నా కంటికి తెలీదనుకున్నావా?"

"తెలిస్తే మంచిదే ప్రభూ. మూడుసార్లు పొడవమనండి. గెలవాలని పొడుస్తాడో, తప్పించాలని పొడుస్తాడో ముందే నా చెవిలో చెప్తాడు. గెలవాలనైతే ఈ ముంతలో చింతగింజ వేస్తాను, తప్పించాలనైతే గురివిందగింజ. మీరూ, మంత్రిగారూ, మా ఆయనా తలోసారి చూసి చెప్పండి. ఒక్కటి సరిగ్గా చెప్పినా ఆ వేలు మీది."

మొదటిసారి ఓబులేశు పొడిచాడు. బంతి గుంటకి మూరెడు దూరంలో పోయింది. రాజుగారు తొడ కొట్టాడు. "కావాలనే! గుడ్డివాడికైనా తెలుస్తుంది!"

ముంతలోంచి చింతగింజ వచ్చింది.

"పక్కన కత్తి పెట్టుకుని పొడిస్తే ఎవరి చెయ్యి వణకదు ప్రభూ?" అంది నాంచారమ్మ.

రెండోసారి బంతి గుంట అంచున వేలాడి ఆగింది. ఓబులేశు నుదురు కొట్టుకున్నాడు. సభంతా "అయ్యయ్యో" అంది. మంత్రిగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. "పాపం, గెలవాలనే పొడిచాడు."

గురివిందగింజ వచ్చింది. మంత్రిగారు తుడుచుకున్న కన్నీళ్ళు వెనక్కి తీసుకోలేక తెల్లబోయారు.

మూడోసారి చెప్పే వంతు పానకాలుది. ఓబులేశు పొడిచాడు. బంతి గిర్రున తిరిగి, రెండు అంచులు గుద్దుకుని, టక్కున గుంటలో పడింది!

పానకాలు గుంటలోకి తొంగిచూశాడు. "ఇది మాత్రం గెలవాలనే. ఇందులో అనుమానమేముంది?"

నాంచారమ్మ ముంత బోర్లించింది. గురివిందగింజ!

సభ నోరు తెరిచింది. ఆ నోళ్ళలో అయిదారు పిచ్చుకలు దూరి వచ్చాయి.

ఓబులేశు తల గోక్కున్నాడు. "తప్పించాలనే పొడిచాను మహారాజా. అదే పోయి పడింది. నా చెయ్యి నా మాట కూడా వినలేదు."

ముందుగా నవ్వింది రాజుగారే. ఆ నవ్వుకి మీసం కొసలు రెండూ అదిరి, తూర్పున ఒక కొబ్బరిచెట్టు, పడమట ఒక తాడిచెట్టు నేలకూలాయి. కత్తి వెనక్కి పోయింది. ఓబులేశు తన బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని, పురిటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

పానకాలు పీట ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఓబులేశూ, నన్ను క్షమించు నాయనా. ఇక ఇల్లంటావా, ముడి వేశాను కాబట్టి కనకలింగానికి ఇచ్చేస్తాను. మహారాజా, తప్పు ఈ ఆటని పందెంలోకి లాగిన నాదే."

"గుమ్మడికాయ ఇచ్చి ఊరుకున్న నాది కూడా" అన్నాడు రాజుగారు మెల్లగా. తరవాత గట్టిగా అన్నాడు. "నిజమో మోసమో ఎవరికీ తెలియని ఆటలో పడ్డ ముడి ముడి కాదు. తెల్లతాడు ముడులన్నీ విప్పండి. ఎవరి సొత్తు వాళ్ళకి! ఆటగాళ్ళకి ఈ రోజునించి ఏడాదికి సరిపడా గింజలు నా గాదెలోంచి. కనకలింగం, నీకేమైనా అభ్యంతరమా?"

కనకలింగం ఇంత నోరు తెరిచి, బర్రెల సంగతి గుర్తొచ్చి, అంతా మూసుకున్నాడు.

పానకాలు అక్కడే చతికిలబడి ముడులు విప్పాడు. ఒక్కొక్క ముడి విడుతుంటే గుండెమీదినించి ఒక్కొక్క బండరాయి దొర్లినట్టుంది. ఎడ్లు ఇంటికొచ్చాయి, తోట ఇంటికొచ్చింది, ఇల్లు ఉన్నచోటే ఉంది. ఆ పూట అతను తిన్న అన్నానికి ఊళ్ళో మూడు రోజులు బియ్యం దొరకలేదు.

తెల్లతాడుని నాంచారమ్మ దొడ్లో బట్టలు ఆరేసుకోవడానికి కట్టుకుంది.

బల్లాట మాత్రం ఆగలేదు. ఓబులేశు బంతి తప్పితే జనం "అయ్యో" అంటారు, పడితే "భేష్" అంటారు, ఇళ్ళకి పోయి కమ్మగా నిద్రపోతారు. ఎవరైనా వచ్చి "పానకాలు మామా, బల్లాట మీద పందెం పడతావా?" అంటే, అతను దొడ్లో ఆరుతున్న చీరలు చూపిస్తాడు. "ఆ తాడు ఖాళీ లేదురా అబ్బాయ్" అంటాడు. అది చూసి చుట్టుపక్కల యాభైఆరు దేశాల పందేలవాళ్ళూ ఆ ఆట జోలికి పోవడం మానేశారు.

కాబట్టి, పట్టుకోలేని మోసం ఉన్నచోట పందెం కాయకూడదు, రుజువు చెయ్యలేని తప్పుకి మనిషిని నిందించకూడదు.