టీ గ్లాసు తొణకని బండి

వీరబాబు బాధల్లా ఒక్కటే. ఇన్నేళ్లుగా పని నేర్చుకుంటున్నా, ఒక్క బండి తాళమైనా ఓనరుకి తన చేత్తో ఇవ్వలేదు.

రాజమండ్రి హైవే పక్కన ఉస్తాద్ మస్తాన్‌వలీ షెడ్డులో పద్ధతి అది. బండికి స్పీకర్లు ఎవరు బిగించినా, చివర్లో తాళం ఓనరు చేతికిచ్చేది ఉస్తాదే. ఎప్పుడో ఒకనాడు ఆ తాళం శిష్యుడి చేతిలో పెట్టి "నువ్వే ఇవ్వరా" అంటాడు. ఆ ఒక్క మాటతో వాడు పనివాడైపోయినట్టే. ఆ మాట అనిపించుకున్నవాళ్లు కాకినాడలో, ఏలూరులో సొంత షాపులు పెట్టుకుని దర్జాగా ఉన్నారు. వీరబాబు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో కడియం నుంచి సత్తెయ్య వచ్చాడు. నర్సరీ మొక్కలు ఊరూరా తిప్పి అమ్ముకునే మనిషి. చిన్న పికప్ బండి. ముందు రెండు సీట్లు, వాటి వెనక గోనెసంచులు కుక్కుకోవడానికి తప్ప మనిషి కూర్చోవడానికి పనికిరాని ఇరుకు జాగా. ఆ జాగాలో రెండు సబ్‌వూఫర్లు, అంటే దరువు మోగించే పెద్ద స్పీకర్లు, పెట్టాలట. భార్య నూకరత్నం పక్కనే నిలబడి అతని పెదాల వైపు చూస్తోంది.

"మా ఆవిడకి పుట్టు చెవుడండి," అన్నాడు సత్తెయ్య. "ఊళ్లో డప్పులు మోగితే గోడకి చెయ్యి ఆనించుకుని మురిసిపోద్దండి. బండిలో నేనొక్కణ్ణే పాటలింటా ఉంటే, మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని దొంగతిండి తింటన్నట్టుంటదండి. ఆవిడక్కూడా అందేలా చెయ్యండి బాబూ."

ఉస్తాద్ వీరబాబు వైపు తిరిగాడు. "ఈ బండి నీదేరా."

ఇంకేముంది, వీరబాబుకి కాళ్లు నేల మీద నిలవలేదు. అప్పుడే టేపు తీసి కొలతల్లో పడిపోయాడు. సత్తెయ్య చెప్పింది ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పని చూసితీరాలి! క్యాబిన్ వెనక గోడ ఎంత వాలుందో, చెక్కపెట్టె వీపూ అంతే వాలు. రెండు వూఫర్లూ అందులో కవలపిల్లల్లా ఒదిగిపోయాయి. సీటు వెనక్కి జరిపినా పెట్టెకి తగలదు. అతుకు దగ్గర గోరు దూరేంత సందు లేదు. పెట్టె కింద రబ్బరు, సీటు వీపుకి దట్టంగా ఫోము, తలుపుల లోపల మందపు షీట్లు. పాట మోగాలి గానీ బండి అదరకూడదు. బండి అదిరిందంటే వీరబాబుకి తల కొట్టేసినట్టే.

ఆ షెడ్డులో ఉస్తాద్ పెట్టిన పరీక్ష ఒకటుంది. అంచుదాకా నింపిన టీ గ్లాసు సీటు మీద పెట్టి పాట వెయ్యాలి. వీరబాబు పెట్టాడు. డప్పుల పాటకి షెడ్డంతా దద్దరిల్లింది. గ్లాసులో టీ మీద మీగడ కూడా కదల్లేదు.

వీరబాబు ఉస్తాద్ మొహంలోకి చూశాడు.

ఉస్తాద్ పెట్టె అంచు వేలితో నిమిరాడు. "అబ్బ! నా చేతుల్లోంచి ఇంత శుభ్రమైన పెట్టె ఎప్పుడూ రాలేదురా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

తర్వాత ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి ఇంత దూది తీసి రెండు ఉండలు చేశాడు. వాటిని చెవుల్లో కుక్కుకున్నాడు. చెప్పులు విడిచి నూకరత్నం కూర్చునే సీట్లో కూర్చుని, రెండు అరచేతులూ సీటుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"పాట పెట్టరా."

వీరబాబు పెట్టాడు. ఉస్తాద్ కదల్లేదు. పల్లవి అయిపోయింది.

"ఇంకా పెట్టవేం?"

వేళాకోళం అనుకుని వీరబాబు నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. దిగి, ఆ దూది ఉండలు తీసి శిష్యుడి చెవుల్లో పెట్టి, అదే సీట్లో కూర్చోబెట్టాడు.

వీరబాబుకి పాట ఎక్కడో పక్క ఊళ్లో మోగుతున్నట్టు సన్నగా వచ్చింది. అరచేతుల కింద సీటు చల్లగా, నిమ్మళంగా ఉంది. పాదాల కింద నేల ఊరకే ఉంది. ఎదురుగా అద్దంలోంచి చూస్తే, చెట్టు నీడన నూకరత్నం మొగుడి లుంగీకి అంటిన మట్టి దులుపుతోంది. అతను పాటకి తల ఊపుతున్నాడు. ఆమె దులపడం ఆపి, ఆ ఊగే తలనే చూస్తూ నిలబడింది.

వీరబాబుకి ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరూ చెప్పకుండానే దిగి పెట్టె విప్పాడు. కింద రబ్బరు పీకేశాడు. సీటు వీపు ఫోము, అంత ముచ్చటపడి కోసుకున్నది, చింపి అవతల పారేశాడు. పెట్టెని తిన్నగా బండి నేలకే బోల్టులేసి, సీటు కాళ్లకి ఇనపపట్టీతో కలిపి బిగించాడు. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు తప్ప స్పానర్ కూడా అందించలేదు.

మళ్లీ గ్లాసు పెట్టి పాట వేశాడు. టీ సగం సీటు మీద ఒలికింది. వీరబాబు దాన్ని తన చొక్కాతోనే తుడిచి, "రాండమ్మా" అని నూకరత్నానికి చేత్తో సైగ చేశాడు.

ఆమె ఎక్కి కూర్చుంది. పాట మొదలవగానే ఉలిక్కిపడి తలుపు దగ్గర నిలబడ్డ మొగుడి చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి వదిలేసింది. అరచెయ్యి సీటుకి ఆనించింది. రెండో చేతి వేళ్లు మోకాలి మీద కదలడం మొదలెట్టాయి. డప్పు దరువు మారింది, వేళ్లూ మారాయి. చరణం ముందు డప్పు ఆగింది, వేళ్లూ ఆగాయి.

సత్తెయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

ఉస్తాద్ లేచి వచ్చాడు. బండి తాళం తీసి వీరబాబు అరచేతిలో పెట్టాడు. చెవుల్లోంచి తీశాక వీరబాబు డాష్‌బోర్డు మీద వదిలేసిన దూది ఉండలు కూడా తెచ్చి దాని పక్కనే పెట్టాడు.

"తాళం వాళ్లకిచ్చెయ్. దూది నువ్వుంచుకో."