ఒడ్డురాయి ప్రమాణం

అనగా అనగా, మీ తాతల తాతలకు ఇంకా పేర్లు కూడా పెట్టని కాలంలో, గోదావరి నడుమ ఒక లంక ఉండేది. నాలుగు పక్కలా నీళ్ళు, మధ్యలో నేల. ఆ నేలలో ఎత్తుగా ఉన్న చోటును మెరక అనేవారు, ఒడ్డు వైపు దిగువను పల్లం అనేవారు. మెరక మీద కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు ఉండేవి. పల్లంలో బొరియలు తవ్వుకుని బతికే చిన్నా చితకా ప్రాణులు ఉండేవి.

ఆ లంకకు ఒక ఒడ్డురాయి ఉండేది. ఏటా శ్రావణంలో వరద వచ్చేది. ఒడ్డును కోసేది. రాయి దొర్లి నీళ్ళలో పడేది. వరద తీశాక అందరూ చేరి, పాటలు పాడుకుంటూ ఆ రాయిని లాగి, మళ్ళీ ఒడ్డు మీద నిలబెట్టేవారు. ఒడ్డు ఎక్కడుంటే అక్కడన్నమాట. దానికి పసుపు పూసి, "ఈ ఏడు కూడా గోదారమ్మ మన రాయి దాటలేదు" అని దణ్ణం పెట్టుకుని, రెల్లు దుంపలు పంచుకు తినేవారు.

నవ్వకండి. వాళ్ళు నిజంగానే అలా అనుకునేవారు. రాయి ఒడ్డున ఉండాలి, ఒడ్డునే ఉంది, ఇంకేం కావాలి?

పల్లంలో కంటకమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. దాని మొగుడు మొండయ్య. కంటకమ్మకు ఒక అలవాటు. ఏటా రాయి పండుగ నాడు రెల్లు వేరు నములుతూ, తన బొరియ గుమ్మం నుంచి రాయి దాకా అడుగులు లెక్కపెట్టేది. కాపురానికి వచ్చిన ఏడు అరవై అడుగులు. మరుసటి ఏడు నలభై. మొన్న లెక్కపెడితే ఇరవై.

"ఏమయ్యా, నా కాళ్ళేమైనా పొడుగయ్యాయా?" అని మొగుణ్ణి అడిగింది.

మొండయ్య వంగి చూశాడు. "లేదే. ఎప్పటిలాగే పొట్టిగా ఉన్నాయి" అన్నాడు.

కంటకమ్మకు అయోమయంగా ఉంది. గోదావరి రాయి దాటలేదంటున్నారు. అందరూ అంటున్నారు. అంతమంది అన్నది అబద్ధం ఎలా అవుతుంది? కానీ పోయిన ఏడు తను వెన్ను రుద్దుకున్న తుమ్మ మొద్దు ఇప్పుడు ఏటి మధ్యలో ఉంది. పైగా కంటకమ్మ కడుపుతో ఉంది. శ్రావణానికల్లా పిల్లలు పుడతారు. ఈ బొరియలోనే కనాలా, మెరక మీద కొత్త బొరియ తవ్వుకోవాలా? అదీ దాని బెంగ.

మెరక మీద తవ్వాలంటే లంకపెద్ద ఒప్పుకోవాలి. పాత లంకపెద్ద తాబేలుకు ముసలితనం వచ్చి, చిప్పలోంచి తల బయటికి తీయడమే మానేసింది. అందుకని ఆ ఏడు కొత్త పెద్దను ఎన్నుకోవాలని చాటింపు వేశారు. ముగ్గురు పోటీకి నిలబడ్డారు. నెమలి చిత్రపింఛుడు, నీటికుక్క తరంగుడు, అడవిపంది వక్రదంతుడు. ఒకాయన ఎగరగలడు, మిగతా ఇద్దరూ ఈదగలరు. వరదొచ్చినా ముగ్గురికీ ప్రాణభయం లేదన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదట చిత్రపింఛుడి సభ జరిగింది. కంటకమ్మ ముందు వరసలో కూర్చుంది. అదను చూసుకుని లేచి అడిగింది.

"అయ్యా, ఏడాదికి ఇరవై అడుగుల నేల పోతోంది. ఎందుకు పోతోంది? మా పల్లం వాళ్ళకు మెరక మీద చోటిస్తారా?"

చిత్రపింఛుడు తియ్యగా నవ్వాడు. "మంచి ప్రశ్న అడిగావు తల్లీ. నేల అన్నావు. ఏ నేల? ఈ నేల. మన తాతలు ఆడిన నేల, మన పాట పుట్టిన నేల. ఇంత అందమైన లంక గోదావరి పొడుగునా ఎక్కడైనా ఉందా?" అంటూ ఒక్కసారిగా పురి విప్పాడు.

అబ్బ, ఏం పురి అది. సభంతా చప్పట్లు కొట్టింది. కంటకమ్మ కూడా కొట్టింది. కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది.

ఇంటికి రాగానే మొండయ్య అడిగాడు. "ఏమన్నాడు?"

"చాలా బాగా చెప్పాడయ్యా."

"చోటిస్తానన్నాడా?"

కంటకమ్మ ఆలోచించింది. "అనలేదు."

"ఇవ్వనన్నాడా?"

"అదీ అనలేదు." గుమ్మంలో చతికిలబడింది. "మరి అంతసేపు ఏం చెప్పాడంటావు?"

నన్నడిగితే నేనేం చెప్పను? నాకూ తెలియదు.

తరవాత తరంగుడు సభ పెట్టాడు. కంటకమ్మ ఈసారి ప్రశ్నను దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళింది. అడిగింది కూడా. తరంగుడు నవ్వి, మీసాలు దువ్వుకుని, "అక్కా, నీ కష్టం నాకు తెలియదా? నేను గెలిచిన మర్నాటి నుంచి ఇంటికి రోజుకో చేప. ఇదిగో, నీతోనే మొదలు" అన్నాడు. నిగనిగలాడే చేప ఒకటి చేతిలో పెట్టాడు. అందరూ దాన్ని కుళ్ళుకుంటూ చూశారు.

కంటకమ్మ చేప పట్టుకుని ఇంటికొచ్చింది.

"మనం చేపలు తింటామా?" అన్నాడు మొండయ్య.

"తినం."

"మరెందుకు తెచ్చావు?"

"ఇచ్చాడు." కంటకమ్మ చేపను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "ఒడ్డు సంగతి అడిగానయ్యా. నిజంగా అడిగాను. ఇది ఇచ్చాడు."

ఆ చేప రెండు రోజులు గుమ్మంలోనే పడి ఉంది. మూడో రోజు వాసన భరించలేక మొండయ్య దాన్ని ఏట్లో వేసి వచ్చాడు.

ఆఖరున వక్రదంతుడి సభ. వక్రదంతుడిది బొంగురు గొంతు, మోటు మాట. "అవతలి గట్టు నక్కలు మన మీద కన్నేశాయి. నేనుండగా ఒక్క నక్కను ఇటు రానివ్వను" అని నేల తన్నాడు. కంటకమ్మ జన్మలో నక్కను చూడలేదు. అయినా దానికి ఎక్కడ లేని కోపం వచ్చి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఆ కోపంలోనే తన ప్రశ్న అడిగింది.

వక్రదంతుడు నేల చూపులు చూశాడు. "చూడు చెల్లెమ్మా, నువ్వు ముళ్ళపందివి, నేను అడవిపందిని. మనం మనం ఒకటి. ఆ సంగతి తరవాత మాట్లాడుకుందాం" అని గబగబా వెళ్ళిపోయాడు.

"ఈయనేమన్నాడు?" అన్నాడు మొండయ్య.

"నక్కలొస్తాయట."

"ఎప్పుడు?"

"అది అడగడం మరిచిపోయాను." కంటకమ్మ నిక్కిన ముళ్ళను ఒక్కొక్కటే సర్దుకుంది. తరవాత మెల్లిగా అంది. "కానీ ఒకటి చెప్పనా? మిగతా ఇద్దరూ నా మొహం చూసి నవ్వారు. ఈయన మాత్రం నేల చూపులు చూశాడు. ఎందుకంటావు?"

మొండయ్యకు అది అంతుపట్టలేదు. కంటకమ్మకూ పట్టలేదు. మూడు సభలకు వెళ్ళింది, మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ ఏదో జవాబు విన్నట్టే ఉంది. కానీ ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. తప్పు తనదేనేమో, తనకే అర్థం చేసుకునే తెలివి లేదేమో అనుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే లేచి, రెల్లు వేరు నములుతూ గుమ్మం నుంచి మళ్ళీ అడుగులు లెక్కపెట్టింది. పంతొమ్మిది. రాత్రి వానకు రాయి పక్కన ఒక పెళ్ళ విరిగి పడింది. ఎవరో మంచి మనసున్నవాళ్ళు రాయిని ఒక అడుగు లోపలికి జరిపి, పసుపు కూడా పూసి పోయారు.

కంటకమ్మ ఆ పచ్చటి రాయిని చూస్తూ నిలబడిపోయింది. కడుపులో పిల్లలు కదిలారు. ఒంట్లోంచి ఒక ముల్లు రాల్చి, దాన్ని నోట కరుచుకుని ఇంటికి నడిచింది.

ఆ రోజే ప్రమాణాల రోజు. ఓట్లు వేసే ముందు పోటీలో ఉన్నవాళ్ళు ఒడ్డురాయి మీద చెయ్యేసి, "నా ఏలుబడిలో నీళ్ళు ఈ రాయి దాటవు" అని ప్రమాణం చేయడం అక్కడి ఆచారం. ఇప్పటిదాకా ఆ ప్రమాణం తప్పినవాడు ఒక్కడూ లేడు. రాయే జరుగుతుంటే ఎవరు తప్పుతారు?

లంకంతా వచ్చింది. చిత్రపింఛుడు ముందుకొచ్చాడు. అప్పుడు కంటకమ్మ అడ్డం వచ్చింది.

"రాయి మీద వద్దయ్యా. రాయిని మనమే జరుపుతున్నాం. ఇదిగో, మా గుమ్మంలో ముల్లు పాతాను. దీన్ని ఎవరూ జరపరు. దీని మీద చెయ్యేసి, ఈ ఏడు నీళ్ళు ఈ ముల్లు దాటవని చెప్పండి. చెబితే నా పిల్లల్ని ఇక్కడే కంటాను."

చిత్రపింఛుడు ముల్లు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. "లంక గొప్పతనం ఒక ముల్లుతో కొలిచేదా తల్లీ?" అని పక్కకు తప్పుకున్నాడు.

తరంగుడు వచ్చాడు. "రాయి మీద ప్రమాణం మన పెద్దల ఆచారం. ఆచారం మార్చే హక్కు నాకెక్కడిదక్కా?" అన్నాడు. "చేప బాగుందా?" అని కూడా అడిగాడు.

వక్రదంతుడి వంతు వచ్చింది. ఆయన గుమ్మంలోని ముల్లు దగ్గరికి నడిచాడు. ముట్టెతో గుమ్మం మట్టిని తాకి చూశాడు. అది తడిగా, వదులుగా ఉంది.

"నేను చెయ్యలేను చెల్లెమ్మా. ఈ ఏడు నీళ్ళు ఇది దాటతాయి. ఇక్కడ కనకు."

జనం గుసగుసలాడారు. ఆయన ఆగలేదు.

"ఒడ్డున రెల్లు ఉన్నన్నాళ్ళూ మట్టి నిలిచింది. ఆ రెల్లు దుంపలు తవ్వి తిన్నది మా పందులు. మేమే కాదు, మీరూ తిన్నారు. అందరం తిన్నాం. అవి తవ్వడం మానుకోవాలి, రెల్లు మళ్ళీ నాటాలి. అది ఎదిగేదాకా పల్లం వాళ్ళకు మెరక మీద చోటివ్వాలి. ఈ మాట చెబితే మెరక వాళ్ళు ఓటెయ్యరు, మా వాళ్ళు అన్నం పెట్టరు. అందుకే నెల్లాళ్ళుగా నక్కల గురించి మాట్లాడుతున్నాను."

కంటకమ్మకు పొద్దున నమిలిన రెల్లు వేరు గుర్తొచ్చింది. సిగ్గేసి తల దించుకుంది.

అంతలో మెరక మీది కుందేలు అవ్వ లేచింది. "చోటివ్వడానికి మెరకేమైనా మీ సొంతమా? మా సంగతేమిటి?" అని గట్టిగా అడిగింది.

"మీ ఇంటి దగ్గర్నుంచి రాయి దాకా నూట ఇరవై అడుగులవ్వా. నేను కొలిచాను" అన్నాడు వక్రదంతుడు. "ఏడాదికి ఇరవై."

కుందేలు అవ్వ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. ఆరో వేలు దగ్గర ఆగి, తన మనవల వైపు చూసింది. మెల్లిగా కూర్చుంది.

ఓట్లు వేశారు. ముగ్గురికీ మూడు గుంటలు తీసి, నచ్చినవారి గుంటలో తలా ఒక రేగు గింజ వేశారు. కొందరు గింజ పట్టుకుని మూడు గుంటల చుట్టూ తిరుగుతూనే ఉండిపోయారు, పాపం. పురి అందమైనదే, చేప రుచైనదే, ఈ పంది మాట మాత్రం చేదుగా ఉంది. చివరికి వక్రదంతుడు రెండే రెండు గింజల తేడాతో గెలిచాడు. ఒకటి కంటకమ్మది, రెండోది కుందేలు అవ్వది అని నా నమ్మకం.

గెలిచాక ఆయన సుఖపడ్డాడనుకునేరు. సొంత పందులే తిట్టిపోశాయి. మెరక కుందేళ్ళు మూతి ముడిచాయి. అయినా పల్లం వాళ్ళంతా మెరక ఎక్కారు. కంటకమ్మ అక్కడ కొత్త బొరియలో ఇద్దరు పిల్లల్ని కంది.

శ్రావణంలో వరద వచ్చింది. పన్నెండో రోజున నీళ్ళు ముల్లు దాటి, పాత బొరియ మీదుగా పోయాయి. లోపల ఎవరూ లేరు. ఆ ఏడు లంకలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

వరద తీశాక అందరూ పాడుకుంటూ రాయిని లాగడానికి వచ్చారు. కంటకమ్మ పిల్లల్ని వీపు వెనక పెట్టుకుని వచ్చి నిలబడింది.

"పడ్డచోటే ఉండనివ్వండి" అంది.

"అదేమిటి, నీళ్ళలోనా?" అన్నారు.

"నీళ్ళలోనే. ఎంత పోయిందో కనబడాలిగా."

వక్రదంతుడు తలూపాడు. రాయిని అక్కడే వదిలేసి, ఆ రోజంతా ఒడ్డున రెల్లు నాటారు.

అప్పటినుంచి ఆ లంకలో పోటీకి దిగినవాళ్ళు, ఆచారం ప్రకారం, ఒడ్డురాయి పక్కనే నిలబడి మాట్లాడాల్సి వచ్చేది. అంటే నడుం లోతు నీళ్ళలో అన్నమాట. అందుకని ఉపన్యాసాలు బాగా చిన్నవైపోయాయి. తరంగుడికి నీళ్ళు అలవాటే గనక అతనొక్కడే కాస్త ఎక్కువ మాట్లాడేవాడు. ఎవరు ఎంత మాట్లాడినా, ఒడ్డు మీంచి కంటకమ్మ మొదట ఒకటే అడిగేది. "ఒడ్డు సంగతి చెప్పండి." చెప్పేదాకా వాళ్ళను నీళ్ళలోంచి పైకి రానిచ్చేవారు కాదు.

కాబట్టి పిల్లలూ, ఓటడగ వచ్చినవాళ్ళు ఎంత బాగా చెప్పారన్నది కాదు, మనం అడిగినదానికి చెప్పారా లేదా అన్నది చూసుకోవాలి.